మంచం పక్కన మనిషి

నరసరావుపేటలో బస్సు దిగి "నర్సింగ్ హోముకు పోనియ్యి, బాబూ" అంటే, ఆటో అబ్బాయి "ఏ డాక్టరు గారిదండీ?" అని అడుగుతాడు. మన వాడుకలో నర్సింగ్ హోమంటే కాన్పులు చేసే చోటు, ఆపరేషన్లు చేసే చోటు, సెలైన్ ఎక్కించే చోటు. వెళ్ళినవాళ్ళు నాలుగు రోజులుండి, బిడ్డనెత్తుకునో కుట్లు వేయించుకునో ఇంటికి వచ్చేస్తారు. అమెరికాలో వున్న మన పిల్లలు ఇదే మాట అంటే అర్థం వేరు. అక్కడ నర్సింగ్ హోమంటే, వయసు మీదపడో జబ్బు చేసో తన పని తాను చేసుకోలేని మనిషి వెళ్ళి వుండే చోటు. కొందరు నెలా రెండు నెలలుండి కోలుకుని ఇంటికి వస్తారు. కొందరు ఇక అక్కడే వుంటారు.

తెలుగు పాఠం చెప్పుకు బతికేవాణ్ణి కనక మాట దగ్గర ఆగిపోవటం నాకు అలవాటు. ఈ రెండో అర్థానికి తెలుగులో మాట ఏముందా అని చాలాసేపు వెతుక్కున్నాను. వృద్ధాశ్రమం వుంది కాని అది చాలదు. ఎందుకు చాలదో తరువాత చెబుతాను. మాట లేనంత మాత్రాన ఆ పని మనకు లేదనుకోకండి. ఇన్నాళ్ళూ అది ఇంటి వెనక గదిలో, ఒక కోడలి చేతిమీదుగానో కూతురి చేతిమీదుగానో నడిచిపోయింది. ఇంట్లో ఆడవాళ్ళు చేసే పనికి ప్రత్యేకంగా పేరు పెట్టాలని ఎవరికి తోస్తుంది!

ఇప్పుడు మాచర్లలో చూడండి, గురజాలలో చూడండి, మన పేటలోనే చూడండి. పిల్లలు కట్టించి ఇచ్చిన రెండంతస్తుల డాబా, అందులో ఇద్దరు పెద్దవాళ్ళు, ఒక టీవీ. కొడుకు హైదరాబాదులో, కూతురు డాలస్‌లో. చెయ్యీ కాలూ ఆడినంత కాలం దీనికేమీ లోటు లేదు. పొద్దున్నే వాకింగూ, సాయంత్రం గుళ్ళో ప్రవచనమూ, రాత్రికి మనవడితో వీడియో మాటలూ. తడినేల మీద కాలు జారిందంటే మాత్రం ఆ ఇంటి లెక్కలన్నీ తారుమారవుతాయి.

మా మిత్రుడొకాయన తల్లిగారి సంగతి ఇలాగే అయింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. స్నానాల గదిలో పడి తుంటి ఎముక విరిగింది. గుంటూరు తీసుకువెళ్ళి ఆపరేషన్ చేయించారు, బాగానే జరిగింది. ముగ్గురు కొడుకులూ తల్లి మాయింట్లో వుండాలంటే మాయింట్లో వుండాలని పోటీపడ్డారు. "మా అమ్మను పరాయి చోట పెడతామా!" అన్నది వారి పౌరుషం. మంచిదే. పెద్ద కోడలు వేళకు జావ, వేళకు మాత్ర, వేళకు పౌడరు. ఏ లోటూ రానియ్యలేదు. పది రోజులయేసరికి ముసలావిడ నడుము కింద రూపాయి కాసంత ఎర్రటి మచ్చ వచ్చింది. మరో వారానికి అది పుండయింది. డిశ్చార్జి కాగితంలో ఎనిమిది మందుల పేర్లున్నాయి గాని, మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలన్న ముక్క అందులో లేదు.

వీధిలో వుండే రిటైరయిన నర్సమ్మగారొకరు చూడవచ్చి, దుప్పటి తీసి, మడమలు చూసి, కోడలి మొహం చూసి, "అమ్మాయ్, నీ తప్పేం లేదులే. నీకెవరూ చెప్పలేదు, అంతే" అన్నారట. ఆ మాటతో ఆ పిల్ల భోరుమంది. పది రోజుల పాటు పొద్దునా సాయంత్రమూ వచ్చి ఆవిడ పని నేర్పారు. పుండు మానటానికి రెండు నెలలు పట్టింది.

ఆ ఇంట్లో ప్రేమకు కొరత లేదని నేను సాక్ష్యం చెప్పగలను. కొరతపడింది నేర్పు. ముసలివాళ్ళ సంగతి వచ్చినప్పుడల్లా మన ఇళ్ళలో జరిగే వాదమంతా "ఇంట్లోనా, హోములోనా" అన్న దాని చుట్టూ తిరుగుతుంది. పరువూ, పాపమూ, లోకం ఏమనుకుంటుందోనన్న బెంగా అన్నీ అందులోకి వస్తాయి. ఎక్కడ వున్నా సరే, ఆ మనిషిని పొద్దున మంచం మీంచి ఎవరు లేపుతారు, ఎలా లేపాలో వాళ్ళకు తెలుసా అన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు.

సేవ ఒక విద్య అన్న సంగతి మనకు కొత్తదేమీ కాదు. చరకుడు వైద్యానికి నాలుగు కాళ్ళు చెప్పాడు: వైద్యుడు, మందు, రోగి, నాలుగోది దగ్గరుండి ఉపచారం చేసే మనిషి. ఆ మనిషికి నాలుగు గుణాలుండాలన్నాడు. ఉపచారం చెయ్యటం తెలిసి వుండాలి, చేతిలో నేర్పుండాలి, రోగి మీద అనురాగముండాలి, శుచి వుండాలి. చూడండి, అనురాగాన్ని ఆయన మూడోచోట పెట్టాడు.

దూరమెందుకు, మన పలనాటి సంగతే చెబుతాను. మాచర్ల దాటి వెళితే, సాగర్ నీళ్ళ నడుమ ద్వీపమైపోయిన నాగార్జునకొండ. లోయ మునగకముందు 1954 నుంచి 1960 దాకా అక్కడ పెద్దయెత్తున తవ్వకాలు జరిగాయి. ఇక్ష్వాకుల నాటి విహారాలు, అంటే క్రీస్తు తరువాత మూడో శతాబ్దం నాటివి, బయటపడ్డాయి. అక్కడి శాసనాల్లో ఒకచోట "విగతజ్వరాలయం" అన్న మాట కనిపిస్తుంది. జ్వరంతో వున్న భిక్షువులకోసం విహారంలో విడిగా ఏర్పరచిన చోటని చరిత్రకారులు అర్థం చెబుతారు. బౌద్ధుల వినయపిటకంలో ఒక కథ వుంది. విరేచనాలతో మంచాన పడి, తన మలంలోనే పొర్లుతున్న భిక్షువును బుద్ధుడు చూశాడట. ఎవరూ దగ్గరకు రాలేదని తెలుసుకుని, ఆనందుణ్ణి నీళ్ళు తెమ్మని, తానే కడిగి, ఇద్దరూ చెరోవైపూ పట్టి మంచం మీద పడుకోబెట్టారట. ఆ తరువాత రోగి దగ్గర వుండేవాడికి ఏ ఏ గుణాలు కావాలో భిక్షువులకు చెప్పాడు. రోగికి ఏది పడుతుందో ఏది పడదో తెలియటం, మలమూత్రాలకు అసహ్యించుకోకపోవటం అందులోవే. తలా ఒకవైపు పట్టుకోవాలన్న సంగతి కథలో ఎంత చక్కగా వచ్చిందో గమనించారా? లేవలేని మనిషిని ఒక్కరే లాగితే ఇద్దరి నడుమూ పోతుంది.

కృష్ణ ఒడ్డునే, ఇప్పటి అమరావతి ప్రాంతంలో, మందడం దగ్గర మల్కాపురంలో 1261 నాటి శాసనముంది. రుద్రమదేవి కాలం. అందులో సత్రంతోపాటు ప్రసూతిశాల, ఆరోగ్యశాల పేర్లు వున్నాయి. అంటే ఇంటి బయట, జీతమిచ్చి పెట్టిన మనుషుల చేత సేవ చేయించటం కూడా ఈ నేలకు పరాయిది కాదు. పలనాటివాళ్ళం కనక కార్యమపూడి కథ కంఠతా వచ్చు. బ్రహ్మనాయుడు అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టాడని గర్వంగా చెప్పుకుంటాం. ఆ చాప దాకా నడిచి రాలేనివాళ్ళకు ముద్ద ఎవరు కలిపి పెట్టారో మాత్రం కథ చెప్పదు. వీరగాథలకు అటువంటి సంగతులు పట్టవు కాబోలు.

సరే, ఈ కాలానికి వద్దాం. 1963లో అమెరికాలో సిడ్నీ కాట్జ్ అనే డాక్టరు, తన తోటివారితో కలిసి ఒక చిన్న కొలబద్ద తయారుచేశాడు. తుంటి విరిగిన పెద్దవాళ్ళను ఏళ్ళతరబడి గమనించి చేసిన పని అది. మనిషి తన కాళ్ళ మీద తాను వున్నాడా లేదా తెలుసుకోవటానికి జబ్బు పేరు అడగవద్దు, ఆరు పనులు అడగండి అన్నాడు. స్నానం, బట్ట కట్టుకోవటం, దొడ్డికి వెళ్ళిరావటం, మంచం మీంచి కుర్చీలోకి మారటం, మలమూత్రాలు ఆపుకోగలగటం, తినటం. ఈ ఆరింటిలో ఏది తానుగా చేసుకుంటున్నాడు, దేనికి మనిషి సాయం కావాలి? ఈ వరసలోనే మరో విశేషముందని ఆయన కనిపెట్టాడు. మామూలుగా మొదట చేతకాకుండా పోయేది స్నానం, చివరిదాకా నిలిచేది తినటం. పసిబిడ్డ ఈ పనులు నేర్చుకున్న వరసకు ఇది తలకిందులు. లోకమంతా ఇవాళ నర్సింగ్ హోముల్లో మనిషిని చేర్చుకునేటప్పుడు ఈ ఆరు ప్రశ్నలే ఏదో రూపంలో అడుగుతారు. మనమూ మన ఇంట్లో అడుగుదాం.

స్నానం గురించి మొదట చెప్పవలసింది సిగ్గు సంగతి. ముసలావిడకు సిగ్గేమిటి అనుకోకండి. ఎనభై ఏళ్ళ మనిషికైనా ఒంటిమీద గుడ్డ లాగేస్తే మనసు చచ్చిపోతుంది. ఒక తుండుగుడ్డ కప్పి వుంచి, కడుగుతున్న భాగమొక్కటే తీసి, తుడిచి, మళ్ళీ కప్పాలి. కూర్చోటానికి కదలని కుర్చీపీట, పట్టుకోటానికి గోడకు గట్టి ఇనుప కడ్డీ, కింద జారని చాప. టవలు వేసుకునే కడ్డీని పట్టుకుంటే అది ఊడి చేతికొస్తుంది, దాన్ని నమ్మవద్దు. లోపల గడియ మాత్రం వేసుకోనివ్వకండి. నీళ్ళ వేడి మీ మోచేతితో చూడండి, షుగరున్నవాళ్ళ పాదాలకు వేడి తెలియకపోవచ్చు.

బట్టల దగ్గర ఒక చిన్న కిటుకు వుంది. పక్షవాతం వచ్చిన మనిషికి లాల్చీ గాని రవిక గాని తొడిగేటప్పుడు పడిపోయిన చేతికి ముందు తొడగాలి, తీసేటప్పుడు బాగున్న చేతినుంచి ముందు తియ్యాలి. ఈ ఒక్క ముక్క తెలియక ఎన్ని ఇళ్ళలో రోజూ పొద్దున్నే ఏడుపులవుతున్నాయో! ముందువైపు గుండీలున్నవి కుట్టించండి. నైటీ సుళువు కదా అని జీవితమంతా చీర కట్టిన మనిషికి రాత్రీ పగలూ అదే తగిలిస్తే ఆవిడ అద్దంలో చూసుకోవటం మానేస్తుంది. రోజూ కాకపోతే పండుగనాడైనా చీర చుట్టండి.

లేపేటప్పుడు చంకల కింద చేతులు వేసి లాగటం, పడిపోయిన చెయ్యి పట్టుకు గుంజటం మన అలవాటు. దానివల్ల భుజం కీలు జారుతుంది. మనిషిని ముందు ఒక పక్కకు తిప్పాలి, కాళ్ళు మంచం కిందికి దించాలి, కాసేపు కూర్చోనివ్వాలి. లేచీ లేవగానే కళ్ళు తిరగటం పెద్దవాళ్ళకు సామాన్యం. కుర్చీ ఎప్పుడూ బలంగా వున్న పక్కన వేయాలి. నడిపించేటప్పుడు మనం బలహీనంగా వున్న పక్కన నిలబడాలి. ఇది రాస్తే నాలుగు వాక్యాలే, చేతికి రావాలంటే నాలుగు రోజులు పడుతుంది. ఎవరైనా నర్సునో, ఫిజియోథెరపీ ఆయననో ఇంటికి పిలిచి, వారు చేస్తూ వుండగా చూసి, వారు చూస్తూ వుండగా మీరు చేసి నేర్చుకోండి.

మంచం మీదే వుండే మనిషికి చర్మాన్ని కాపాడటమే పెద్ద పని. రెండు గంటలకొకసారి కుడిపక్క, వెల్లకిల, ఎడమపక్క అని తిప్పుతూ వుండాలి. గోడకు ఒక కాగితం అంటించి గంటలు వేసుకుంటే ఇంట్లో ఎవరు వచ్చినా పని సాగుతుంది. దుప్పటి మీద ఈడ్చకూడదు, ఎత్తి జరపాలి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూడాలి. రోజూ స్నానమప్పుడు నడుము కింద, తుంటి పక్కలు, మడమలు, మోచేతులు, తల వెనక చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కితే తెల్లబారకపోతే ప్రమాదమన్నమాట. అక్కడ నూనె పెట్టి మర్దనా చేస్తే ఇంకా పాడవుతుంది. మధ్యలో బెజ్జమున్న గాలి చుట్టలు కొంటూ వుంటారు, అవీ మంచివి కావు. గాలిపరుపు మంచిదే కాని, అది కొన్నాం కదా అని తిప్పటం మానెయ్యకూడదు.

దొడ్డికి సంబంధించిన సంగతులు పత్రికల్లో రాయటానికి మనవాళ్ళు మొహమాటపడతారు. నాకు తెలిసినంతలో పెద్దవాళ్ళు ఇల్లు విడిచి వెళ్ళవలసి వచ్చే సందర్భాలు చాలావరకు అక్కడే మొదలవుతాయి, కనక రాయక తప్పదు. మంచం పక్కన కమోడ్ కుర్చీ, రాత్రంతా వెలిగే చిన్న దీపం ఈ రెండూ కొన్ని పడిపోవటాలను తప్పిస్తాయి. రెండు మూడు గంటలకొకసారి మనమే అడిగి తీసుకువెళితే, డైపరుతో పని లేకుండా గడిచిపోయేవాళ్ళు ఎందరో వున్నారు. మన సౌకర్యంకోసం మొదటిరోజే డైపరు వేస్తే, ఆపుకునే అలవాటు పోతుంది. ఇక రాత్రి పక్క తడుపుతారని నీళ్ళు తగ్గించటం వుంది చూశారూ, అంత చెడ్డ పని లేదు. వేసవి వచ్చిందంటే వార్తల్లో ఎండల లెక్క చెప్పేటప్పుడు మన రెంటచింతల పేరు తప్పకుండా వినిపిస్తుంది. ఆ ఎండల్లో వయసువాళ్ళకే నాలుక పిడచకట్టుకుపోతుంది. వయసు మళ్ళినవాళ్ళకు దాహం వేసే గుణమే తగ్గిపోతుంది. అడిగేదాకా ఆగితే వాళ్ళు అడగరు. గంటకో అరగ్లాసు మజ్జిగో, నీళ్ళో మనమే ఇవ్వాలి. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు వున్నవాళ్ళకు ఎంత ఇవ్వాలో డాక్టరునడిగి ఇవ్వాలి.

దీనికి అంటుకున్నదే మరొకటి. నిన్నటిదాకా బాగా మాట్లాడిన నాయనమ్మ ఇవాళ కొడుకును గుర్తుపట్టక, ఎప్పుడో పోయిన తమ్ముణ్ణి పిలుస్తూ వుంటే "చాదస్తం ముదిరింది" అని నవ్వి వూరుకుంటారు. మతిమరుపు జబ్బు నెలలమీద, ఏళ్ళమీద వస్తుంది. రాత్రికి రాత్రే మనిషి మారిపోతే అది చాదస్తం కాదు. ఒంట్లో నీరు తగ్గి వుండవచ్చు, మూత్రంలో చీము వుండవచ్చు, కొత్త మాత్ర పడకపోయి వుండవచ్చు. ఆ పూటే డాక్టరుకు చూపించాలి.

తినిపించేటప్పుడు మనిషి నిటారుగా కూర్చోవాలి, తిన్నాక అరగంటదాకా పడుకోకూడదు. పక్షవాతం వచ్చినవాళ్ళకు పలచటి నీళ్ళకన్న చిక్కటి జావ మింగటం తేలిక కావచ్చు. మింగుతూ దగ్గటం, గొంతు తడిగా గురగురమనటం కనిపిస్తే తినిపించటం ఆపి డాక్టరుకు చెప్పాలి. ముద్ద గాలిగొట్టంలోకి పోతే న్యుమోనియాకు దారితీస్తుంది. తినటం చివరిదాకా నిలిచే పని అన్నాను కదా. చెయ్యి వణికినా, సగం ఒడిలో పడినా, ఆయన చేత్తో ఆయనను తిననివ్వండి. మీరు పెడితే పది నిమిషాల్లో అవుతుంది, ఆయన తింటే నలభై నిమిషాలు పడుతుంది. ఆ అరగంట మిగుల్చుకున్న ఇంట్లో ఆర్నెల్లకు ఆయన చెయ్యి లేవటం మానేస్తుంది.

అమెరికావారు 1987లో తమ నర్సింగ్ హోములకోసం ఒక చట్టం చేశారు. అక్కడ మనుషుల్ని మంచాలకు కట్టెయ్యటం, పట్టించుకోకపోవటం వంటివి బయటపడ్డాక చేసిన చట్టమది. అందులో చెప్పిన ముఖ్యమైన సంగతి ఈ అరగంట సంగతే. చేరినప్పుడు మనిషి ఏ పని చేసుకోగలిగేవాడో, జబ్బు ముదిరితే తప్ప, హోము అలసత్వంవల్ల ఆ పని పోకూడదు. ప్రతి మనిషికీ విడిగా సేవ పథకం రాసి పెట్టాలి. సిబ్బంది సౌకర్యంకోసం కట్టెయ్యకూడదు. కాగితం మీద వున్నదంతా అక్కడ జరుగుతున్నదని నేననటం లేదు. అడగటానికి ఒక కాగితం వుందంటున్నాను. అన్నట్టు, అమ్మను అక్కడికే తీసుకుపోదామనుకునే పిల్లలకు ఒక మాట. అక్కడి మెడికేర్ 1965లో వచ్చింది, ఆసుపత్రిలో కనీసం మూడు రోజులున్నాక నర్సింగ్ హోములో నూరు రోజుల వరకే అది చూస్తుంది. వాటిలో మొదటి ఇరవై రోజులే పూర్తిగా. కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు అయిదేళ్ళ నివాసం పూర్తికాకుండా అదీ దొరకదు.

ఇక ఈ పనంతా ఎవరు చెయ్యాలి? మన ఇళ్ళలో ఈ ప్రశ్నకు జవాబు ప్రశ్నకంటె ముందే వుంటుంది: కోడలు. రెండు గంటలకొకసారి తిప్పాలంటే రాత్రి కూడా తిప్పాలి. నెలల తరబడి ముక్కలు ముక్కలుగా నిద్రపోయే మనిషికి ఒక పూట కసురు రాకుండా వుంటుందా? వస్తే "మా అమ్మను కసిరావు" అని పంచాయితీ. నాకు తెలిసి దీనికి ఒక్కటే మందు, పని పంచుకోవటం. తండ్రికి స్నానం చేయించటం కొడుకు పని కాదని ఏ శాస్త్రంలోనూ లేదు. దూరాన వున్న కూతురు డబ్బు పంపటంతోపాటు, ఏడాదికి పదిహేను రోజులు వచ్చి మంచం పక్కన కూర్చుని, వదినను పుట్టింటికి పంపాలి. మనిషిని జీతానికి పెట్టుకునే స్తోమత వుంటే, ఏజెన్సీవారు పంపిన అమ్మాయిని "ఎన్నేళ్ళ అనుభవం" అని అడిగి వదిలెయ్యకండి. మంచం మీంచి కుర్చీలోకి మార్చి చూపించమనండి. అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. తెలిసిన మనిషి దొరికితే అన్నం, నిద్ర, వారానికొక సెలవు సరిగ్గా ఇచ్చి నిలుపుకోండి.

సర్కారువారి నుంచి వచ్చేది కూడా తెలుసుకుని వుండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. పక్షవాతంతోనో అటువంటి జబ్బుతోనో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో అంటుకుపోయినవారికి, నిబంధనలకు సరిపోతే, 15,000. ఈ రెండో సంగతి తెలియక వూరుకున్న ఇళ్ళున్నాయి. డాక్టరు పల్లెకే వచ్చి, మంచం పట్టినవారిని ఇంటి దగ్గరే చూసే ఫ్యామిలీ డాక్టరు పథకం 2023 ఏప్రిల్‌లో మన జిల్లా లింగంగుంట్లలోనే మొదలైంది. మీ వూరికి ఇప్పుడు ఎవరు వస్తున్నారో, ఏ రోజున వస్తున్నారో ఏఎన్‌ఎం అమ్మాయిని అడగండి. డెబ్బై దాటినవారికి 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ కార్డు మీద ఏడాదికి కుటుంబానికి 5 లక్షల దాకా ఆసుపత్రి వైద్యముంది. ఇంట్లో సేవకు మాత్రం అది పనికిరాదు.

చూసుకుంటామన్న మాట మీద పొలం రాయించుకుని తరువాత చూడని పిల్లల సంగతి కూడా ఒకటుంది. మిరపచేలూ పత్తిచేలూ వున్న మన జిల్లాలో ఇది తక్కువేమీ కాదు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ప్రకారం, పోషించాలన్న షరతు మీద ఇచ్చిన ఆస్తిని, పోషించకపోతే రద్దు చేయించుకోవచ్చు. ఆ షరతు దస్తావేజులో స్పష్టంగా వుండాలని సుప్రీంకోర్టు 2022లో ఒక తీర్పులో అన్నది. 2025 జనవరిలో మరో కేసులో ఈ చట్టాన్ని పెద్దవాళ్ళ మేలుకోసం ఉదారంగా చదవాలని చెప్పి, ఒక తల్లి ఆస్తి ఆమెకు తిరిగి ఇప్పించింది. ఉదారతను నమ్ముకోవటం కంటె, రాసేనాడే షరతు రాయించటం మేలు. పోషణ కావాలన్న అర్జీ ఆర్డీవోగారి ట్రైబ్యునల్‌లో పెట్టుకోవాలి. మన జిల్లాలో నరసరావుపేట, గురజాల, సత్తెనపల్లి మూడుచోట్ల ఆర్డీవోలున్నారు. ఎటు వెళ్ళాలో తోచకపోతే 14567కు ఫోను చేస్తే వృద్ధుల సాయంకోసం పెట్టినవారు మాట్లాడతారు.

ఇప్పుడు ఆశ్రమాల సంగతి. వృద్ధాశ్రమం అన్న మాట చాలదన్నాను కదా. ఫారం తీసి చదివితే తెలుస్తుంది. చాలా ఆశ్రమాల్లో చేర్చుకునే మొదటి షరతు "తన పని తాను చేసుకోగలగాలి" అన్నదే. మంచాన పడితే పిల్లలు వచ్చి తీసుకువెళ్ళాలని చివర ఇంకో షరతు. అంటే ఆ ఆరు పనులూ చేతనైనంత కాలం తలుపు తెరిచి వుంటుంది, చేతకాని నాడు మూసుకుంటుంది. వారిని తప్పుపట్టను. నర్సులను పెట్టి నడపటం ఉచితంగా అన్నం పెట్టినంత తేలిక కాదు. 2007 చట్టంలో ప్రతి జిల్లాలోనూ నిరుపేద వృద్ధులు 150 మందికి సరిపడే ఆశ్రమం ప్రభుత్వం పెట్టవచ్చునని వుంది. "పెట్టవచ్చును" అన్న క్రియ దగ్గర తెలుగు మాస్టరుగా నేను కాస్త ఆగక తప్పదు. అది "పెట్టవలెను" కాదు. గుంటూరు, విజయవాడ, హైదరాబాదు వంటిచోట్ల డబ్బు తీసుకుని, మంచాన పడినవారిని చూసే ఇళ్ళు ఇప్పుడు నడుస్తున్నాయి. అమెరికాలో వున్నంత తనిఖీ ఇక్కడ లేదు. కనక మీ కళ్ళే తనిఖీ అధికారి.

వెళ్ళేటప్పుడు చెప్పకుండా వెళ్ళండి, భోజనాల వేళకు వెళ్ళండి. ఆఫీసు గదిలోని సోఫా చూసి రాకండి. చిట్టచివరి మంచం దగ్గరకు వెళ్ళి, ఆ మనిషి మడమలు చూడనిస్తారేమో అడగండి. గోళ్ళు చూడండి. మంచినీళ్ళు చెయ్యి చాస్తే అందే దూరంలో వున్నాయా? పదిగంటలయ్యేసరికి అందరూ బట్టలు మార్చుకుని వున్నారా, రాత్రి బట్టల్లోనే వున్నారా? రాత్రి రెండు గంటలకు ఎంతమందికి ఎంతమంది మనుషులు మెలకువగా వుంటారు? పిలవటానికి గంట వుందా, మోగిస్తే ఎంతసేపటికి వస్తారు? నర్సు చదువు చదివినవారు ఒక్కరైనా వున్నారా, వుంటే ఏ ఏ గంటల్లో? ఒంటికి బాగాలేకపోతే ఏ ఆసుపత్రికి తీసుకువెళతారు, ఎవరి సంతకం మీద? ఇవన్నీ అడిగితే విసుక్కునే చోటు గురించి ఇక నన్నడగనక్కరలేదు. అక్కడ వున్నవారిని "ముసలోళ్ళు" అంటారా, పేరు పెట్టి "సీతమ్మగారూ", "పెదనాన్నా" అంటారా అన్నది కూడా వినండి.

మా మిత్రుడి తల్లిగారు ఇప్పుడు చేతికర్ర పట్టుకుని వాకిట్లోకి వస్తున్నారు. ఆ కోడలు మాత్రం వీధిలో ఎవరింట మనిషి మంచాన పడినా వెళ్ళి తిప్పటం నేర్పి వస్తోంది. నర్సమ్మగారికి మోకాళ్ళ నెప్పులు, రాలేకపోతున్నారు.

ఒక చదువరి అడిగారు: తల్లిని ఒప్పించి ఒక హోములో చేరుస్తున్నాం, ఏం చేస్తే ఆవిడకు కష్టం తక్కువవుతుంది అని. చేర్చే రోజుకు ముందు ఒకటి రెండుసార్లు తీసుకువెళ్ళి చూపించండి, అక్కడ ఒక పూట భోజనం చేయించండి. ఊరికి వెళ్దామని చెప్పి తీసుకువెళ్ళి దింపేసి రాకండి. ఆవిడ దిండు, ఆవిడ మరచెంబు, పూజలో పెట్టుకునే పటం, కళ్ళజోడు, చెవి మిషను, పళ్ళసెట్టు మీద పేరు రాసి పంపండి. వేసుకునే మందుల జాబితా, ఏది పడదో అదీ, ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఆవిడ కాఫీలో పంచదార ఎంతో, ఎడమపక్కకు తిరిగి పడుకుంటే నిద్ర పట్టదన్న సంగతీ అందులోనే రాయండి. అటువంటి సంగతులు మీరు చెబితే తప్ప అక్కడివారికి తెలియవు. మళ్ళీ ఎప్పుడు వస్తారో వారం చెప్పి బయలుదేరండి. ఆదివారమన్నారంటే ఆదివారమే వెళ్ళండి, ఆవిడ శనివారం సాయంత్రం నుంచే గేటు వైపు చూస్తూ వుంటుంది.